టిరోల్: బ్రెన్నర్ కనుమకు అటూ ఇటూ – తరచుగా అడిగే ప్రశ్నలు

టిరోల్ ఏ దేశంలో ఉంది?

రెండు దేశాల్లో. ఆల్ప్స్ పర్వతాల్లో ఇన్ నది లోయ మొదలు దక్షిణాన గార్డా సరస్సు అంచు వరకు ఉన్న పాత సంస్థానం ఇది. ఇప్పుడు మూడు పాలనా ముక్కలుగా ఉంది. ఉత్తరాన ఆస్ట్రియాలోని టిరోల్ రాష్ట్రం, రాజధాని ఇన్స్‌బ్రుక్. బ్రెన్నర్ కనుమ దాటితే ఇటలీలోని బోల్జానో ప్రావిన్సు. జర్మన్ మాట్లాడేవాళ్లు దీన్ని దక్షిణ టిరోల్ అంటారు, ఇటాలియన్లు ఆల్టో అడిజె అంటారు. ఇంకా కిందికి వెళ్తే ట్రెంటో ప్రావిన్సు, అంటే ట్రెంటినో. మూడూ కలిపి సుమారు 18 లక్షల జనాభా. తగాదా అంతా నడిమి ముక్క మీదే కాబట్టి కింది జవాబులు ఎక్కువగా దక్షిణ టిరోల్ గురించే.

అసలు ఒకటిగా ఎప్పుడు ఉండేది?

13వ శతాబ్దంలో రెండో మైన్‌హార్డ్ కనుమకు రెండు వైపులా ఉన్న లోయల్ని ఒక్క చేతి కిందికి తెచ్చాడు. టిరోల్ అనే పేరు మెరానో ఊరి పైన ఉన్న కోట నుంచి వచ్చింది. ఆ కోట ఇవాళ ఇటలీలో ఉంది. 1363లో ఈ సంస్థానాన్ని ఏలుతున్న మార్గరెట్ దాన్ని ఆస్ట్రియాను ఏలే హాబ్స్‌బర్గ్ వంశానికి అప్పగించింది. 1420లో రాజధాని మెరానో నుంచి ఇన్స్‌బ్రుక్‌కు మారింది. అప్పటి నుంచి మొదటి ప్రపంచ యుద్ధం దాకా, నెపోలియన్ కాలాన్ని పక్కన పెడితే, వియన్నా ఏలుబడే.

నెపోలియన్ కాలం ముచ్చట ఇక్కడ ఇంకా వేడిగానే ఉంటుంది. 1805లో టిరోల్‌ను ఉత్తరాన పక్కనున్న జర్మన్ రాజ్యం బవేరియాకు కట్టబెట్టారు. 1809లో పసైర్ లోయకు చెందిన సత్రం యజమాని ఆండ్రియాస్ హోఫర్ రైతుల్ని కూడగట్టి తిరగబడ్డాడు. 1810 ఫిబ్రవరి 20న మాంటువాలో అతన్ని కాల్చి చంపారు. అతను పుట్టిన ఇల్లు ఇప్పుడు ఇటలీలో, సమాధి ఆస్ట్రియాలో. ఊరేగింపుల్లో అతని బొమ్మ రెండు వైపులా కనబడుతుంది.

సరిహద్దు బ్రెన్నర్ మీదికే ఎందుకు వచ్చింది?

1915 ఏప్రిల్ 26న లండన్‌లో కుదిరిన రహస్య ఒప్పందంలో, యుద్ధంలో తమవైపు దిగితే బ్రెన్నర్ దాకా ఇస్తామని మిత్రరాజ్యాలు ఇటలీకి మాటిచ్చాయి. 1919 సెప్టెంబర్ 10 నాటి సెయింట్ జెర్మైన్ సంధి దాన్ని ఖాయం చేసింది. 1920 అక్టోబర్ 10న విలీనం అమల్లోకి వచ్చింది.

ఇటలీ చెప్పిన కారణం భౌగోళికం: ఆల్ప్స్ శిఖరాల వరుసలో నీళ్లు ఎక్కడ రెండుగా చీలి పారతాయో అదే సహజమైన హద్దు అని. కనుమకు ఉత్తరాన పడ్డ చుక్క ఇన్ ద్వారా డాన్యూబ్‌లోకి, అక్కణ్నించి నల్ల సముద్రానికి పోతుంది. దక్షిణాన పడ్డది అడిజె నదిలో కలిసి ఏడ్రియాటిక్ సముద్రం చేరుతుంది. సైన్యం లెక్కలోనూ కనుమ చేతిలో ఉంటే కాపలా తేలిక. మనుషుల లెక్కే కుదరలేదు. 1910 జనగణనలో ఈ నడిమి ముక్కలో ఇటాలియన్ మాట్లాడేవాళ్లు 3 శాతం దాకానే. ట్రెంటినో సంగతి వేరు; అక్కడ జనం ముందు నుంచీ ఇటాలియన్లే. భాష లెక్కన గీస్తే గీత బ్రెన్నర్‌కు చాలా దక్షిణాన, సాలోర్నో ఇరుకు లోయ దగ్గర పడేది.

ముస్సోలినీ కాలంలో ఏం జరిగింది?

ఎట్టోరే టొలోమెయ్ అనే జాతీయవాది 1923 జూలైలో బోల్జానో నాటకశాలలో, ఈ ప్రాంతాన్ని ఇటాలియన్‌గా మార్చే 32 అంశాల కార్యక్రమం చదివాడు. అది ఒక్కొక్కటే అమలైంది. జర్మన్ బడులు మూతపడ్డాయి, ఆఫీసుల్లోనూ కోర్టుల్లోనూ ఇటాలియనే, ఊళ్లకు కొత్త పేర్లు. చివరికి సమాధి రాళ్ల మీద కూడా జర్మన్‌లో రాయకూడదన్నారు. పిల్లలకు అక్షరాలు నేర్పడానికి ఇళ్లలో, పశువుల కొట్టాల పక్కన రహస్య బడులు నడిచాయి. వాటిని ‘భూగృహ బడులు’ అనేవారు. పట్టుబడిన పంతులమ్మలకు జరిమానాలు, జైలు, ఊరి బహిష్కారం.

బడులకంటే శాశ్వతమైన మార్పు తెచ్చింది 1935లో బోల్జానోలో మొదలైన పారిశ్రామిక వాడ. దక్షిణం నుంచి, పో మైదానం నుంచి వేల కుటుంబాలను తెచ్చి అక్కడ స్థిరపరిచారు. ఇవాళ బోల్జానో నగరంలో నలుగురిలో ముగ్గురు ఇటాలియన్ మాట్లాడేవాళ్లు కావడానికి మూలం అదే. చుట్టూ ఉన్న పల్లెల్లో మాత్రం జర్మనే. ప్రావిన్సులోని 116 మున్సిపాలిటీల్లో ఇటాలియన్ మెజారిటీ ఉన్నవి ఐదే.

1939లో జరిగిన ‘ఎంపిక’ ఏమిటి?

హిట్లర్‌కు ముస్సోలినీ స్నేహం కావాలి, ఆ స్నేహానికి ఈ జర్మన్ మాట్లాడే జనం అడ్డు. 1939 జూన్‌లో ఇద్దరి ప్రభుత్వాలూ ఒక ఒప్పందానికి వచ్చాయి: డిసెంబర్ 31 లోగా ప్రతి ఇంటి పెద్ద తేల్చుకోవాలి, జర్మన్ పౌరసత్వం తీసుకుని ఊరు వదిలి వెళ్లడమో, ఉండిపోయి ఇటాలియన్‌గా మారడమో. ఉండిపోయినవాళ్లను సిసిలీకి తోలేస్తారన్న పుకారు లోయలన్నీ చుట్టింది. 80 శాతం పైగా వెళ్తామనే రాశారు. నిజంగా వెళ్లినవాళ్లు సుమారు 75,000 మంది. యుద్ధం ముదిరాక కదలిక ఆగిపోయింది. వెళ్లేవాళ్లు ఉండేవాళ్లను ద్రోహులన్నారు, అన్నదమ్ముల మధ్య మాటలు పడిపోయాయి. 1945 తర్వాత చాలా ఇళ్లలో దీని గురించి నోరెత్తలేదు. దక్షిణ టిరోల్ జనం అప్పట్లో బాధితులు మాత్రమేనా, నాజీలకు తోడు నిలిచారా అన్న ప్రశ్నను చరిత్రకారులు గట్టిగా తవ్వడం మొదలుపెట్టడానికి దశాబ్దాలు పట్టింది. రెండూ నిజమే అన్నది దస్తావేజుల మాట.

యుద్ధం తర్వాత ఆస్ట్రియాకు ఎందుకు తిరిగి ఇవ్వలేదు?

అడిగారు. 1946లో సుమారు 1,55,000 సంతకాలు సేకరించి ఇన్స్‌బ్రుక్‌లో ఆస్ట్రియా చాన్సలర్‌కు అందజేశారు. మిత్రరాజ్యాలు ఒప్పుకోలేదు, ఇటలీని మరీ కుంగదీస్తే కమ్యూనిస్టుల వైపు ఒరుగుతుందన్న భయం అందులో ఒకటి. బదులుగా 1946 సెప్టెంబర్ 5న పారిస్‌లో ఆస్ట్రియా విదేశాంగ మంత్రి గ్రూబర్, ఇటలీ ప్రధాని డె గాస్పెరి ఒక చిన్న ఒప్పందం మీద సంతకం చేశారు. మాతృభాషలో చదువు, ఉద్యోగాల్లో సమాన హక్కు, ప్రాంతానికి స్వయంపాలన. డె గాస్పెరి ట్రెంటినో మనిషి, 1911లో వియన్నా పార్లమెంటుకు ఎన్నికైనవాడు. జర్మన్ ధారాళంగా వచ్చు.

మెలిక అమలులో పడింది. 1948 శాసనం స్వయంపాలన ఇచ్చింది బోల్జానోకు కాదు, బోల్జానో, ట్రెంటోలను కలిపిన ఉమ్మడి ప్రాంతానికి. కలిపి లెక్కేస్తే ఇటాలియన్లే మెజారిటీ. ఇల్లు కట్టుకోవడానికి సాయం మొదలు ఉద్యోగాల దాకా అధికారం ట్రెంటోలో ఉండిపోయింది.

బాంబులు పేల్చారని విన్నాం, నిజమేనా?

నిజమే. 1957 నవంబర్ 17న సిగ్మండ్స్‌క్రోన్ కోట దగ్గర వేలాది మంది ‘ట్రెంటో నుంచి విడదీయండి’ అంటూ చేరారు. సభ నడిపినవాడు సిల్వియస్ మాగ్నాగో, యుద్ధంలో కాలు పోగొట్టుకున్న లాయరు. ఆవేశంగా వచ్చిన జనాన్ని హింస లేకుండా ఇంటికి పంపాడు. అందరూ అతని మాట వినలేదు. 1961 జూన్ 11 రాత్రి ఒక్కసారే 37 కరెంటు స్తంభాలు కూల్చారు. ఆ రాత్రినే ఎంచుకోవడానికి కారణం ఉంది. యేసు తిరుహృదయ పండుగకు కొండల మీద మంటలు వేయడం 1796 నాటి మొక్కుబడి. కొండల్లో మనుషులు తిరిగినా ఎవరికీ అనుమానం రాదు. స్తంభాలే తప్ప మనుషులు కాదన్న నియమం మరుసటి రోజే చెదిరింది. పేలకుండా మిగిలిన బాంబు ఒక రోడ్డు కార్మికుణ్ని బలి తీసుకుంది. తర్వాతి ఏళ్లలో దాడులు ఇంకా నెత్తురోడాయి. కస్టడీలో చిత్రహింసలు పెట్టారన్న ఆరోపణలూ వచ్చాయి.

అంతకు ముందే, 1960లో, ఆస్ట్రియా ఈ సమస్యను ఐక్యరాజ్య సమితికి తీసుకెళ్లింది. ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండని సమితి తీర్మానించింది. ఆ చర్చలు, ఇటలీ వేసిన 19 మంది కమిషన్, చివరికి స్వయంపాలనపై 137 అంశాల ‘ప్యాకేజీ’. 1969 నవంబర్‌లో మెరానోలో, జర్మన్ మాట్లాడేవాళ్ల పార్టీ అయిన దక్షిణ టిరోల్ పీపుల్స్ పార్టీ మహాసభ దానికి 52.9 శాతం ఓట్లతో ఒప్పుకుంది. ఇవాళ దేశదేశాల నుంచి వచ్చి చూసే ఈ నమూనా అంత సన్నటి మెజారిటీతో గట్టెక్కింది.

1972 స్వయంప్రతిపత్తి శాసనం ఏం మార్చింది?

అధికారాలు ఉమ్మడి ప్రాంతం నుంచి రెండు ప్రావిన్సులకూ దిగాయి. వ్యవసాయం, పర్యాటకం, ఇళ్ల నిర్మాణం, రోడ్లు, ఆసుపత్రుల నిర్వహణ, బడుల పాలన బోల్జానో చేతికి వచ్చాయి. సైన్యం, పోలీసు, విదేశాంగం రోమ్ దగ్గరే. డబ్బే అసలు బలం: ప్రావిన్సులో వసూలయ్యే చాలా పన్నుల్లో పదింట తొమ్మిది వంతులు ఇక్కడే మిగులుతాయి. ప్రావిన్సు కౌన్సిల్‌లో 35 సీట్లు. ఓటు వేయాలంటే ఆ ప్రాంతంలో నాలుగేళ్లు వరసగా నివాసం ఉండాలని నియమం పెట్టారు. రోమ్ నుంచి మూకుమ్మడిగా జనాన్ని తరలించి ఫలితం మార్చకుండా పెట్టిన అడ్డుకట్ట అది. 137 అంశాలూ పూర్తయ్యేసరికి ఇరవయ్యేళ్లు పట్టింది. 1992 జూన్‌లో వివాదం ముగిసిందని ఆస్ట్రియా లాంఛనంగా ప్రకటించింది.

ఉద్యోగాల కోటా ఎలా పనిచేస్తుంది?

ప్రావిన్సులోని ప్రభుత్వ ఉద్యోగాలను భాషా వర్గాల జనాభా నిష్పత్తిలో పంచుతారు. 2024 లెక్క ప్రకారం జర్మన్ 68.6 శాతం, ఇటాలియన్ 27, కొండ లోయల్లోని చిన్న భాష లాదిన్ 4.4. తపాలా, రైల్వే లాంటి కేంద్ర శాఖలకూ వర్తిస్తుంది, పోలీసులకూ సైన్యానికీ మాత్రం కాదు. మన 371డి ‘లోకల్, నాన్‌లోకల్’ గొడవలు తెలిసినవాళ్లకు ఇది పరిచయమైన లెక్కే. తేడా ఏమిటంటే అక్కడ కొలత చదివిన ఊరు కాదు, భాష.

నమోదు ఇలా ఉంటుంది. జనగణన కోసం ఇచ్చే ప్రకటనలో పేరు ఉండదు, అది కేవలం నిష్పత్తి తేల్చడానికి. ఉద్యోగానికి కావలసినది వేరే, పేరుతో ఇచ్చే ప్రకటన. పద్దెనిమిదేళ్లు నిండాక మున్సిపాలిటీ నుంచి ఉత్తరం వస్తుంది. ఫారంలో మూడు భాషా వర్గాల్లో ఒకటి గుర్తు పెట్టి, కవరు అతికించి ఇస్తే అది బోల్జానో కోర్టుకు చేరుతుంది. కోటా కింద దరఖాస్తు చేసినప్పుడే ధ్రువపత్రం తీయిస్తారు. మూడింటిలో దేనికీ చెందనివాళ్లు ‘ఇతరులు’ అని రాసి, ఏ వర్గంతో కలిపి లెక్కించాలో చెప్పాలి.

జనం దెబ్బతినేది గడువుల దగ్గర. సమయానికి ఇవ్వకుండా తర్వాత ఇస్తే అది 18 నెలల దాకా చెల్లదు. మార్చుకోవాలంటే ఐదేళ్లు ఆగాలి, మార్చాక ఇంకో రెండేళ్లకు గానీ అమల్లోకి రాదు. నోటిఫికేషన్ చూసి వర్గం మార్చే తెలివి చూపకుండా ఈ ఏర్పాటు. తల్లిది జర్మన్, తండ్రిది ఇటాలియన్ అయిన పిల్లలు మాత్రం ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. రెండూ అని రాయడానికి ఫారంలో గడి లేదు. ఈ వ్యవస్థ మీద వచ్చే విమర్శల్లో న్యాయమైనది ఇదే.

రెండు భాషల పరీక్ష కష్టమా?

కోటాలో చోటు ఉన్నా భాషా ధ్రువపత్రం లేకుండా ప్రభుత్వ ఉద్యోగం రాదు. యూరప్ కొలమానంలో ఎ2 నుంచి సి1 దాకా నాలుగు మెట్లు. డాక్టరు లాంటి డిగ్రీ ఉద్యోగాలకు సి1. రాత, మౌఖికం రెండూ ఉంటాయి. గుర్తింపు ఉన్న ఇతర భాషా పరీక్షల సర్టిఫికెట్లనూ ఒప్పుకుంటున్నారు. ఇటాలియన్ పిల్లలకు ఎదురయ్యే చిక్కు వేరే చోట ఉంది. బడిలో వాళ్లు నేర్చేది పుస్తకాల జర్మన్. బయట పాలకేంద్రంలో, బస్సులో వినబడేది దక్షిణ టిరోల్ యాస. పరీక్షలో నెగ్గినవాళ్లు కూడా పక్కింటివాళ్ల మాట పట్టుకోలేక ఇటాలియన్‌లోకి జారిపోతారు. ఆసుపత్రుల్లో డాక్టర్ల కొరత వచ్చాక, ముందు తాత్కాలిక కాంట్రాక్టు మీద తీసుకుని భాష నేర్చుకోవడానికి గడువిచ్చే పద్ధతి తెచ్చారు.

పిల్లలు కలిసి చదువుకోరా?

జర్మన్ బడి, ఇటాలియన్ బడి వేరు వేరు. శాసనంలోని 19వ అధికరణ ప్రకారం పంతులు కూడా ఆ బడి భాష మాతృభాషగా ఉన్నవాడే కావాలి. రెండో భాష తప్పనిసరి పాఠం. ఎవరి బడిలో చేర్చాలన్నది తల్లిదండ్రుల ఇష్టం. దాంతో బోల్జానోలో ఇటాలియన్, వలస కుటుంబాలు పిల్లల్ని జర్మన్ బడుల్లో వేస్తున్నాయి. జర్మన్ వచ్చిన పిల్లలు తక్కువైన తరగతుల్లో పాఠం నడవదని జర్మన్ తల్లిదండ్రుల ఫిర్యాదు. రెండు భాషల ఉమ్మడి బడి అన్న మాట ఎన్నికలప్పుడల్లా లేస్తుంది, 19వ అధికరణ దగ్గర ఆగిపోతుంది. 1997లో మొదలైన బోల్జానో విశ్వవిద్యాలయం మాత్రం జర్మన్, ఇటాలియన్, ఇంగ్లిష్ మూడింటిలోనూ బోధిస్తుంది.

లాదిన్లు ఎవరు?

లాటిన్ నుంచి పుట్టిన ఒక చిన్న భాష మాట్లాడే కొండజాతి. డోలమైట్ కొండల చుట్టూ ఐదు లోయల్లో ఉంటారు. గార్డెనా, బాడియా లోయలు బోల్జానోలో, ఫాస్సా ట్రెంటోలో, ఫోడోమ్, కోర్టినా ప్రాంతాలు బెల్లూనో ప్రావిన్సులో. ఇలా మూడు ప్రావిన్సులకూ ముక్కలుగా పంచేసింది ముస్సోలినీ ఫాసిస్టు ప్రభుత్వం. బోల్జానో వైపు బడుల్లో సగం పాఠాలు జర్మన్‌లో, సగం ఇటాలియన్‌లో, వారానికి కొన్ని గంటలు లాదిన్. జర్మన్, ఇటాలియన్ వర్గాలు కలిసి చదవడం కుదరదన్న వాదనకు పక్క లోయలోనే ఉన్న జవాబు ఇది.

బోర్డుల మీద పేర్లు రెండేసి ఎందుకుంటాయి?

బ్రిక్సెన్, బ్రెస్సనోనె ఒకే ఊరు. స్టెర్ట్‌సింగ్, విపిటెనో కూడా అంతే. ఇటాలియన్ పేర్లలో కొన్ని పాతవే. వేల సంఖ్యలో మిగతావి టొలోమెయ్ తయారుచేసినవి, కొన్ని అనువాదాలు, కొన్ని తోకలు తగిలించినవి. గొడవ పట్టణాల పేర్ల మీద ఇప్పుడు పెద్దగా లేదు. కొండ దారుల్లో, పచ్చిక బీళ్ల దగ్గర పాతిన చెక్క బోర్డుల మీదే. ఇటాలియన్ పేరు ఏనాడూ ఎవరి నోటా నలగని చోట కూడా ఆ పేరు రాయాలా వద్దా అన్న తగవు తీరలేదు. గుర్తింపు కార్డులు కూడా రెండు భాషల్లో ఉంటాయి, లాదిన్ లోయల్లో మూడింటిలో.

మంచు మనిషి ఓట్సీ ఏ దేశానికి చెందుతాడు?

1991 సెప్టెంబర్ 19న సుమారు 3,210 మీటర్ల ఎత్తున మంచులో దొరికిన ఐదువేల ఏళ్ల నాటి శవం అది. ఆస్ట్రియావాళ్లు బయటికి తీసి ఇన్స్‌బ్రుక్ తీసుకెళ్లారు. తర్వాత కొలిస్తే సరిహద్దుకు 92.56 మీటర్లు ఇటలీ లోపల ఉందని తేలింది. సంధి ప్రకారం హద్దు నీటి చీలిక వెంట సాగాలి. హద్దు గీసిన రోజుల్లో అక్కడ హిమానీనదం మందంగా ఉండి అసలు చీలిక కనబడలేదు. మంచు కరిగాక చూస్తే ఆ చోటి నీళ్లు ఆస్ట్రియా వైపే పారుతున్నాయి. అయినా కాగితం మీది గీతే చెల్లింది. పరిశోధన అయ్యాక 1998లో బోల్జానో మ్యూజియానికి తెచ్చారు.

టెన్నిస్ ఆటగాడు యానిక్ సిన్నర్ ఇటాలియనా, జర్మనా?

ఇటలీ పౌరుడు, మాతృభాష జర్మన్. 2001లో సాన్ కాండిడోలో పుట్టి, ఆస్ట్రియా హద్దుకు దగ్గరగా ఉన్న సెస్టో ఊళ్లో పెరిగాడు. గెలిచిన రోజు దేశమంతా మనవాడంటుంది. 2025లో డేవిస్ కప్‌కు దూరంగా ఉంటానన్నప్పుడు, అసలు ఇటాలియనేనా అన్న మాటలు మళ్లీ మొదలయ్యాయి. ఇక్కడివాళ్లను అడిగితే చాలామంది ‘దక్షిణ టిరోల్‌వాళ్లం’ అంటారు, ఆస్ట్రియన్లమని కాదు. ఆస్ట్రియా వీళ్లకు రెండో పౌరసత్వం ఇస్తామని 2017లో మాట ఎత్తింది, అది చట్టం కాలేదు. ఇటాలియన్ మాట్లాడే బోల్జానో వాసులకూ నేపుల్స్, రోమ్‌లకంటే తమ ప్రావిన్సు ఇచ్చే సదుపాయాల మీదే గురి. స్వయంపాలన మీద మొదట్లో అనుమానం ఉన్నదీ వాళ్లకే.

ఇప్పుడు బ్రెన్నర్ దగ్గర అసలు సమస్య ఏమిటి?

లారీలు. ఏడాదికి 24, 25 లక్షలు ఈ కనుమ దాటుతాయి. ఎత్తు 1,370 మీటర్లే కావడం, స్విట్జర్లాండ్ దారి కంటే టోల్ తక్కువ కావడం కారణాలు. కొందరు చుట్టు తిరిగి మరీ ఇటు వస్తారు. కనుమ దారి సాగే విప్ప్ లోయ ఇరుకు; శబ్దం, పొగ రెండూ పైకి పోక లోయలోనే నిలుస్తాయి. అందుకే ఆస్ట్రియా టిరోల్ రాత్రిపూట లారీల మీద ఆంక్షలు పెట్టింది, రద్దీ రోజుల్లో జర్మనీ సరిహద్దులోని కుఫ్‌స్టైన్ దగ్గర గంటకు ఇన్నని లెక్కపెట్టి వదులుతుంది. అప్పుడు బవేరియాలో కిలోమీటర్ల కొద్దీ క్యూ. 2024లో ఇటలీ దీని మీద యూరోపియన్ న్యాయస్థానానికి ఎక్కింది. ఒకే టిరోల్ అనే నినాదానికి పరీక్ష ఇక్కడే: ఊపిరాడని ఉత్తరానికీ, ఆపిల్ పండ్లు జర్మనీకి పంపుకోవలసిన దక్షిణానికీ ప్రయోజనాలు ఒకటి కావు.

దీనికి విరుగుడు రైలే అంటారు. 1867 నాటి పాత లైను ఏటవాలు ఎక్కువ, వెయ్యి మీటర్లకు 26 మీటర్ల దాకా ఎక్కుతుంది. బరువైన గూడ్స్‌కు అదనపు ఇంజను కావాలి. పైగా కరెంటు వేరు: ఆస్ట్రియాలో 15 కిలోవోల్టుల ఏసీ, ఇటలీలో 3 కిలోవోల్టుల డీసీ. రెండింటికీ పనికొచ్చే ఇంజను కాకపోతే బ్రెన్నర్ స్టేషన్‌లో మార్చాలి. కనుమ అడుగున తవ్వుతున్న కొత్త రైలు సొరంగం, బేస్ టన్నెల్, పొడవు 55 కిలోమీటర్లు, ఇన్స్‌బ్రుక్ బైపాస్‌తో కలిపి 64. పూర్తయితే ఇన్స్‌బ్రుక్ నుంచి ఇటలీ వైపు ఫోర్టెజ్జాకు 80 నిమిషాల ప్రయాణం 25కు దిగుతుంది. 2032లో తెరవాలన్నది ప్రణాళిక.

తూర్పు టిరోల్ ఎందుకు విడిగా ఉంది?

1919 గీత లియెంజ్ జిల్లాను, అంటే తూర్పు టిరోల్‌ను, మిగతా ఆస్ట్రియా టిరోల్ నుంచి తెంపేసింది. సొంత రాజధానికి వెళ్లాలంటే ఇటలీ గుండా వెళ్లాల్సి వచ్చేది. 1967లో ఫెల్బర్‌టావర్న్ సొరంగం తెరిచాక సాల్జ్‌బర్గ్ రాష్ట్రం మీదుగా దారి దొరికింది.

మూడు ముక్కలూ కలిసి ఏమైనా చేస్తున్నాయా?

2011లో టిరోల్, దక్షిణ టిరోల్, ట్రెంటినో కలిసి చట్టబద్ధమైన యూరోప్రాంతంగా నమోదయ్యాయి. హిమపాత హెచ్చరికల బులెటిన్ మూడింటికీ ఒకటే వస్తుంది. కొండలెక్కేవాళ్లకు నిజంగా పనికొచ్చేది అదే. పరిశోధనకు ఉమ్మడి నిధి, విద్యార్థుల మార్పిళ్లు ఉన్నాయి. మిగిలిందంతా ఎక్కువగా సభలూ సంతకాలూ.

ఇండియా నుంచి వెళ్తే ఏం గుర్తుంచుకోవాలి?

రెండు దేశాలకూ ఒకే షెంగెన్ వీసా సరిపోతుంది. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. 1998 ఏప్రిల్ నుంచి బ్రెన్నర్ దగ్గర గేటు లేదు, కానీ రైళ్లలో పోలీసులు అప్పుడప్పుడు కాగితాలు అడుగుతారు. పాస్‌పోర్టు హోటల్లో వదలకండి. మ్యూనిక్–వెరోనా రైళ్లు నేరుగా దాటుతాయి. లోకల్ రైళ్లలో చాలావరకు బ్రెన్నర్‌లో ఆగిపోతాయి, దిగి మారాలి. ఇన్స్‌బ్రుక్‌లో కొన్న లోకల్ టికెట్టు కనుమ దాటాక పనికొస్తుందని అనుకోవద్దు, ఎక్కేముందే అడగండి. కారులో అయితే ఆస్ట్రియా రహదారి స్టిక్కరు ఉన్నా బ్రెన్నర్ మార్గానికి టోల్ విడిగా కట్టాలి, ఇటలీ వైపు దూరాన్ని బట్టి ఇంకో టోల్. జీపీఎస్‌లో ఊరి పేరు దొరక్కపోతే రెండో భాషలో టైప్ చేయండి. హోటల్ మెనూలో క్నోడెల్ అన్నా కనెడెర్లి అన్నా ఒకటే, పాతబడిన రొట్టె, పాలు, గుడ్డు కలిపి చేసే ఉండలు. మామూలుగా వాటిలో స్పెక్ అనే పంది మాంసం పడుతుంది. శాకాహారులు పాలకూరతోనో చీజ్‌తోనో చేసినవి అడగాలి, అవి కూడా మాంసం రసంలో వేసి తెస్తారేమో కనుక్కోవాలి.